టోరీ ద్వీపం: రేవును నమ్ముకున్న ఊరు

డొనెగాల్ తీరంలోని మహరోర్టీ రేవులో పడవ ఎక్కినవారు, సముద్రం సహకరిస్తే, ముప్పావుగంటలో టోరీ చేరుకుంటారు. ఐర్లండ్‌కు వాయవ్యాన, సుమారు ఐదు కిలోమీటర్ల పొడవున, చెట్టు నిలవలేనంత ఈదురుగాలిలో ఉన్న ఈ రాతినేలపై 2016 జనగణన నాటికి 119 మంది నివసిస్తుండేవారు. ఐరిష్ భాషే నిత్యవ్యవహారంలో ఉన్నదని ప్రభుత్వం గుర్తించిన ప్రాంతాలను గేల్టాక్ట్ అంటారు. టోరీ అందులో భాగం కనుక రేవులో పలకరింపులు ఆ భాషలోనే సాగుతాయి.

పడమటి ఊరి రేవు దగ్గరే టౌ శిలువ, అనగా పైకొమ్మ లేకుండా గ్రీకు అక్షరం ‘టౌ’ ఆకారంలో ఒకే రాతిపలక నుండి చెక్కిన శిలువ, నిలిచి ఉంది. ఆరవ శతాబ్దంలో సెయింట్ కొలంబా స్థాపించినట్లు చెప్పే మఠానికి చెందిన గుండ్రని గంటగోపురం శిథిలమై అదే ఊరిలో మిగిలింది. ఈ ద్వీపానికి ‘రాజు’ ఉండే ఆచారం కూడా ఉంది. అధికారం ఏమీ లేని ఆ హోదాలో, చిత్రకారుడూ అకార్డియన్ వాద్యకారుడూ అయిన పాట్సీ డాన్ రాజర్స్ 2018లో మరణించేవరకు పడవ దిగేవారికి రేవులోనే స్వాగతం పలుకుతూ, బయటి ప్రపంచానికి ద్వీపవాసుల గొంతుగా నిలిచాడు.

అటువంటి గొంతు అవసరమైన కారణం 1974 నాటి తుఫానులో స్పష్టమవుతుంది. అప్పుడు ద్వీపానికి దాదాపు ఎనిమిది వారాలు రాకపోకలు తెగిపోగా, ఆ తరువాతి సంవత్సరాలలో కొన్ని కుటుంబాలు ప్రధాన భూభాగానికి తరలిపోయాయి, మిగిలినవారినీ తరలించాలన్న ఆలోచన బలపడింది. 1980లో వచ్చిన జెస్యూట్ మతగురువు డియర్మిడ్ ఓ పేకీన్ ద్వీపవాసులతో కలిసి ఆ ఆలోచనను ఎదిరించి, కనీస సౌకర్యాల కోసం ఉద్యమించాడు. తరువాతి కాలంలో మెరుగైన రేవుతో పాటు, పిల్లలు పై తరగతులకై ఊరు విడవనక్కరలేకుండా, మాధ్యమిక పాఠశాల కూడా సమకూరింది.

ద్వీపవాసులు తమ సంగతులను తామే నమోదు చేసుకున్న మార్గం చిత్రకళ. 1956లో ఇక్కడికి వచ్చిన ఆంగ్ల చిత్రకారుడు డెరెక్ హిల్ ప్రోత్సాహంతో బొమ్మలు వేయసాగిన జాలరి జేమ్స్ డిక్సన్, హిల్ ఇస్తానన్న కుంచెలను కాదని, గాడిద తోక వెంట్రుకలతో స్వయంగా కుంచెలు కట్టుకున్నాడు. పడవలు, తుఫానులు, దాటిపోయే ఓడలు గీసి, బొమ్మ మీదనే శీర్షిక, పేరు, తేదీ రాసేవాడు. ఆ చిత్రాలు ఒక విధంగా ఊరి దినచర్య పుస్తకం.

చలికాలంలో అందరినీ తాకే వార్త మాత్రం ఇప్పటికీ ఒకటే: పడవ బయలుదేరుతుందా, లేదా. సరుకులూ వైద్యమూ చాలావరకు దానిపై ఆధారపడి ఉన్నందున, జనం తగ్గారని సౌకర్యాలు తగ్గించే పద్ధతి ఇక్కడ కార్యాన్ని కారణంగా పొరబడటమే అవుతుంది. సౌకర్యాలు కొరవడినప్పుడే ఈ ద్వీపం జనాన్ని కోల్పోయింది.