ఇందులో లోయ ఎక్కడుంది?

గండికోటలో ఫొటో తీయడం చాలా తేలిక, అక్కడి చిక్కంతా అదే. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు వచ్చి, కోట వాకిలి దాటి, మాధవరాయ గుడి, జామా మసీదు, ధాన్యాగారం చూసుకుంటూ అంచుకు చేరితే ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయే పెన్నా కాళ్లకింద కనబడుతుంది. ఫోను పైకెత్తి నొక్కితే చాలు, ఏదో ఒకటి బాగానే వస్తుంది. అందుకే అక్కడ తీసిన ఫొటోలు కవల పిల్లల్లా ఉంటాయి: అదే బండ, అదే మలుపు, చేతులు చాచి నిలబడ్డ అదే మనిషి. డిసెంబరులో అక్కడ రెండు రోజుల ల్యాండ్‌స్కేప్ వర్క్‌షాప్ ఒకటి జరిగితే చూడటానికి వెళ్లాను. వచ్చినవాళ్లు పద్నాలుగు మంది. ప్రొద్దుటూరు, కడపల్లో పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు, ఇద్దరు ముగ్గురు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఒక లెక్చరర్, ఫోను తప్ప కెమెరా లేని ఇద్దరు కుర్రాళ్లు. పొద్దునా సాయంత్రమూ అంచున తిరగడం, ఎండ నెత్తికెక్కాక గదిలో కూర్చుని ఎవరి ఫొటో వాళ్లు గోడమీద వేసి అందరితో చెప్పించుకోవడం. అంచున జరిగేది ఎక్కడైనా చూడొచ్చు. నేను వెళ్లింది గదిలో జరిగేది వినడానికి.

గదిలో పాటించిన పద్ధతి చిన్నదే. ఫొటో గోడమీద పడ్డాక తీసినవాళ్లు నోరు విప్పకూడదు. చూసేవాళ్లు బాగుందనీ బాగాలేదనీ అనకూడదు. తమ కన్ను మొదట ఎక్కడ పడింది, అక్కణ్నుంచి ఎటు పోయింది, ఎక్కడ ఆగిపోయింది, ఇంతవరకే చెప్పాలి. తర్వాత తీసిన మనిషి ఒక్క ప్రశ్న అడగొచ్చు. సలహాలు ఆఖరున. మొదట పడింది ప్రొద్దుటూరాయన తీసిన లోయ ఫొటో. వైడ్ లెన్సుతో, 16 మిల్లీమీటర్ల దగ్గర తీసింది. వెలుతురు లెక్క ఎక్కడా తప్పలేదు, ముందున్న బండ మీది మరక దగ్గర్నుంచి దూరపు గుట్ట దాకా అంతా స్పష్టంగా ఉంది. ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. కన్ను బండమీద పడిందట, బండ మీది పగులు వెంట ఎడమకు పోయిందట, అక్కడ ఫొటో అయిపోయిందట. ఆరుగురు చెప్పాక కూడా నది ఊసు రాలేదు. అప్పుడు వెనక కుర్చీలోంచి ఒకామె, “అన్నా, ఇందులో లోయ ఎక్కడుంది?” అంది. ఆ గొంతులో వెటకారం లేదు, నిజంగానే వెతుక్కుంటోంది. కొలిస్తే ఫొటో ఎత్తులో సగం బండే. మూడో వంతు ఆకాశం. మిగిలిన సన్నటి పట్టీలో పెన్నా ఒక పచ్చటి దారప్పోగు. వైడ్ లెన్సుతో దగ్గరున్నది రాక్షసంగా పెరిగి, దూరంగా ఉన్నది చీమంత అయిపోతుంది. మనిషిని నిలువునా వణికించే ఆ లోతు అలాగే మాయమైంది.

పెళ్లి మంటపంలో వెలుగునూ నీడనూ రోజూ సంబాళించే మనిషికి ఈ సంగతి తెలియక కాదు. తను అక్కడ నిలబడి ఉన్నాడు కాబట్టి కనబడలేదు. చలిలో చీకటితో లేచి వచ్చాడు, అంచున కాలు పెట్టగానే కడుపులో ఏదో జారింది, కిందనుంచి గాలి మొహాన కొట్టింది. ఆ ఫొటో చూసినప్పుడల్లా అవన్నీ ఆయనకు తిరిగొస్తాయి, కాబట్టి ఆయన కళ్లకు లోయ నిండుగానే ఉంది. గోడ ముందు కూర్చున్న పదముగ్గురికీ ఉన్నది ఆ నాలుగంచుల మధ్య ఉన్నది మాత్రమే. కాకిపిల్ల కాకికి ముద్దు అనే సామెతలో ఎత్తిపొడుపే వింటాం గానీ, కాకి తప్పేమీ లేదు, అది గూడు కట్టిన నాటినుంచీ ఆ పిల్లను చూస్తోంది. ప్రకృతి దృశ్యాల విషయంలో బయటి కన్ను అవసరం మిగతా ఫొటోల కంటే ఎక్కువని నాకు అనిపించేది ఇందుకే. మనిషి బొమ్మలో ముఖం చూడగానే మనకు ఏదో అందుతుంది. కొండా నీళ్లూ తమంతట తాము ఏమీ చెప్పవు, తీసినవాడి ఒంటికి తెలిసింది ఫొటోలోకి ఎక్కిందా లేదా అన్నది అక్కడ లేనివాళ్లే చెప్పగలరు.

అయితే వాళ్లు ఏం చెప్పాలి? నా వాదన ఒక్కటే. ప్రకృతి దృశ్యం మీద పనికొచ్చే మాట కాళ్ల గురించీ గడియారం గురించీ ఉండాలి. స్టూడియోలో దీపం జరపొచ్చు, పెళ్లికూతుర్ని కాస్త ఇటు తిరగమనొచ్చు. పెన్నాను జరగమనలేం. ఫొటోగ్రాఫరు చేతిలో ఉన్నవి ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు రావాలి, ఏది వదిలెయ్యాలి, ఈ మూడే. గదిలో వినబడ్డ మాటలన్నీ ఈ దారిన పోలేదు. రెండో ఫొటో మిట్టమధ్యాహ్నం తీసిన ఎదుటి గోడ. పలకలు పలకలుగా ఎవరో పేర్చినట్టుండే ఆ రాతిగోడే గండికోటకు అందం. ఎండ నడినెత్తిన ఉండగా తీయడంతో పలకల మధ్య నీడలు మసిబారాయి, పలకలు తెల్లబోయాయి. తీసిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు దాన్ని కంప్యూటర్లో లాగి లాగి రాతికి కుంకుమ రంగు తెచ్చాడు. పావుగంటసేపు చర్చ ఆ రంగు చుట్టూనే తిరిగింది. తగ్గించాలని కొందరు, నీడలు ఎత్తాలని ఇంకొందరు, ఏ మీట ఎంత జరపాలో అంకెలతో సహా చెప్పినవాళ్లు కొందరు. అన్నీ సరైన సలహాలే, ఒక్కటీ అక్కరకు రాదు. వర్క్‌షాప్ నడిపే మాస్టారు అడిగింది వేరు: “ఎన్నింటికి తీశావు బాబూ?” పన్నెండున్నర అన్నాడు. “పొద్దు వాలాక ఆ గోడ ఎట్లుంటుందో చూశావా?” చూడలేదు. ఎండ పక్కవాటంగా తగిలినప్పుడు ఒక్కో పలకకూ దాని నీడ విడిగా పడుతుంది, పొద్దుగుంకాక కాసేపు ఆకాశపు వెలుగు గోడంతటా సమంగా పరుచుకుంటుంది. కుర్రాడు కుంకుమతో తేవాలని చూసింది ఆ సాయంత్రం ఉచితంగా ఇస్తుంది.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది, గదిలోనూ వచ్చింది. ఫొటో పుట్టేది సగం డార్క్‌రూమ్‌లోనే కదా, అమెరికన్ ఫొటోగ్రాఫరు ఆన్సెల్ ఆడమ్స్ అంతటివాడే చేశాడు కదా అని. చేశాడు. 1941 నవంబరు 1 సాయంత్రం న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రుడు లేస్తుండగా తీసిన నెగెటివ్‌ను ఆయన దశాబ్దాలపాటు మళ్లీ మళ్లీ ప్రింటు వేశాడు. తొలి ప్రింట్లలో ఆకాశంలో మబ్బు పాయలు కనబడతాయి, తర్వాతి వాటిలో ఆకాశం దాదాపు నల్లబడిపోయింది. 1948లో నెగెటివ్ కింది భాగాన్ని రసాయనంతో బలపరిచాడు కూడా. కానీ ఆ కథలో మొదటి సగం మర్చిపోతున్నాం. రోడ్డున పోతూ ఆ దృశ్యం కంటపడగానే కారు ఆపాడు. లైట్ మీటరు చేతికి దొరక్కపోతే చంద్రుడి వెలుగు ఎంతో గుర్తున్న లెక్కతో ఎక్స్‌పోజరు కట్టాడు. రెండో నెగెటివ్ తీసేలోగా ఆ పల్లె శ్మశానంలోని శిలువల మీది ఎండ పోయింది. నిలబడ్డ చోటూ ఆ క్షణమూ సరిపోయాయి కనుకే ఆ తర్వాతి చాకిరీకి ఫలం దక్కింది. మధ్యాహ్నం పన్నెండున్నర ఫొటోకు ఆయన వచ్చి కూర్చున్నా చేసేది లేదు.

ఇంకో అభ్యంతరం, నలుగురి మాటా వింటే అందరి ఫొటోలూ ఒకే అచ్చులో పడతాయని. ఇందులో నిజం ఉంది. ఆ మధ్యాహ్నమే లెక్చరరు గారి ఫొటోకు జరిగింది. మసీదు మినార్లు చట్రానికి నట్టనడుమ నిలిచిన ఫొటో అది, ఎడాపెడా సరిసమానంగా, తూచినట్టు. మూడింట ఒక వంతు దగ్గర పెట్టాలి గానీ నడుమ పెట్టకూడదని ఇద్దరు తీర్పు చెప్పేశారు. అది పుస్తకంలోని సూత్రం, ఎదుటి ఫొటోను చూసి పుట్టిన మాట కాదు. అందరినీ ఒకే మూసలో పోసేది ఇలాంటి సూత్రాలే. కన్ను ఎటు పోయిందో చెప్పడంలో ఆ ప్రమాదం లేదు, దాన్ని విని ఏం చేసుకోవాలన్నది తీసినవాళ్ల ఇష్టం. అవధానంలో పృచ్ఛకుడు పద్యం ఎలా రాయాలో చెప్పడు. అడ్డం ఒకటి పెడతాడు, దాన్ని దాటే దారి అవధానిదే. ఇక కొత్తవాళ్లు నొచ్చుకుంటారన్న మాటకు జవాబు ఫోను కుర్రాళ్ల ముఖాల్లోనే దొరికింది. వాళ్ల ఫొటోకు వాట్సాప్‌లో అప్పటికే ఎన్నో చప్పట్లు వచ్చి ఉంటాయి. ఆ గదిలో పదముగ్గురు దాన్ని పది నిమిషాలపాటు కన్నార్పకుండా చూశారు. “సూపర్” అని రాసినవాళ్లు అంతసేపు చూసి ఉండరు, ఆ తేడా కుర్రాళ్లకు తెలుస్తూనే ఉంది. ఇక వెళ్లిన చోటికి మళ్లీ వెళ్లలేనివాళ్లకు కాళ్ల సలహా దేనికని ఎవరైనా అడిగితే, ఇప్పుడు విన్నమాట తర్వాతి కొండ దగ్గర గుర్తొస్తుంది. రంగు మీటల అంకె ఆ ఒక్క ఫొటోతోనే అయిపోతుంది.

రెండోరోజు తెల్లవారుజామున ప్రొద్దుటూరాయన నిన్నటి బండ ఎక్కలేదు. అంచు వెంబడే పక్కకు నడిచి, వైడ్ లెన్సు సంచిలో పెట్టేసి, 85 మిల్లీమీటర్లది తగిలించి, ముందు బండ అన్నదే లేకుండా ఎదుటి గోడనూ దాని కాలిదగ్గర నీటినీ కలిపి తీశాడు. ఎదుటి గట్టున ఎవరిదో మేకల మంద దిగుతోంది. గోడముందు అవి నువ్వుగింజలంత ఉన్నాయి, లోయ ఎంత లోతో మొదటిసారి తెలిసింది. మధ్యాహ్నం ఆ ఫొటో పడ్డప్పుడు వెనక కుర్చీ ఆమె లోయ ఎక్కడని అడగలేదు, మేకలు ఇంకాస్త కిందికి దిగేదాకా ఆగాల్సింది అంది. మూడు నెలల తర్వాత మళ్లీ కలుస్తామని చెబుతూ మాస్టారు ఒకే ఒక్క షరతు పెట్టారు: అప్పుడు తెచ్చే ఫొటో ఇప్పుడు చూపించిన చోటిదే అయ్యుండాలి.