అబ్బా కలం

"గాంధీజీ ఆత్మకథ రాసింది ఇట్లాంటి కలంతోనే బేటా" అనేవారు అబ్బా, తన నల్ల రత్నం పెన్నులో డ్రాపర్‌తో సియాహీ పోసుకుంటూ. రాజమండ్రి కలమంటే ఆయనకి జాన్.

అబ్బా ఇంతెఖాల్ అయ్యాక ఆ మాట సచ్చా, ఝూటా తేల్చుకోవాలనిపించింది. గాంధీజీ తస్వీర్లు చూశాను. వేళ్ల మధ్య కలం నల్లటి కడ్డీలా కనిపిస్తుంది, అంతే. ఏ కంపెనీదో పోల్చుకోవడం ముష్కిల్. చివరికి గవాహీ ఒక ఖత్‌లో దొరికింది. 1935 జూలైలో వార్ధా నుంచి కె.వి. రత్నంగారికి గాంధీజీ రాసిన ఖత్ అది. కలం అందింది, దాంతో రాశాను, బజార్లో దొరికే విదేశీ కలాలకు బదులు ఇది పనికొస్తుందని షుక్రియా చెప్పారు.

కానీ ఆత్మకథ 1925 నుంచి 1929 దాకా వారం వారం అచ్చయింది. రత్నంగారు కలాల పని మొదలుపెట్టింది 1932లో. అబ్బా మాట సగమే నిజం.

మొన్న నా కొడుకు అడిగాడు, "దాదా కలం గాంధీజీదా?" అని. "ఇట్లాంటి కలంతో ఆయన రాశారు" అని ఊరుకున్నాను. ఆత్మకథ సంగతి ఎత్తలేదు.

గాంధీజీ కలాన్ని పోల్చడానికి ఖత్ కావాల్సొచ్చింది. అబ్బా కలాన్ని మాత్రం చీకట్లోనైనా పోల్చగలను. దాని క్యాప్ మీద చిన్నప్పటి నా పళ్ల గాట్లున్నాయి.