అమృత్‌సర్‌లో ఒకే బంతిలో...

పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయినా మావారూ నేనూ ఒకేసారి కూర్చుని భోంచేసిన రోజుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆయనకీ పిల్లలకీ వడ్డించి, అందరూ లేచాక మిగిలిందేదో నేను కలుపుకోవడం... మీ ఇళ్ళల్లోనూ ఇంతే కదూ! పిల్లల పెళ్ళిళ్ళయ్యాక మొన్న చలికాలం వెళ్ళాక ఢిల్లీ మీదుగా అమృత్‌సర్ వెళ్ళాం. ఇద్దరమే ఊరు చూడ్డం అదే మొదలు.

పొద్దున్నే ఒక చిన్న కొట్లో కుల్చా తిన్నాం. ఆలుగడ్డ కూరి, తందూరు పొయ్యిలో కాల్చి, పైన వెన్న వేసిస్తారు. పక్కన శనగల కూర, చింతపండు పచ్చడి. ఒక ప్లేటే ఇద్దరం తిన్నాం. పెద్ద ముక్క ఆయన వైపు జరిపాను. ఆయనా గమనించలేదు, నేనూ గమనించలేదు!

అక్కణ్ణించి స్వర్ణదేవాలయానికి బయల్దేరాం. దారిలోనే జలియన్‌వాలాబాగ్. 1919 ఏప్రిల్ 13న తగిలిన తూటాల గుర్తులు గోడల మీద ఇంకా ఉన్నాయి. చూసి మాట్లాడకుండా బయటికొచ్చాం.

గుడికి నాలుగు వైపులా ద్వారాలే. ఎటునుంచైనా ఎవరైనా రావచ్చని అర్థమట. నాలుగో గురువు రామదాస్ తవ్వించిన కోనేరు మధ్యలో బంగారు గుడి. ఆ బంగారు తాపడం 19వ శతాబ్దంలో మహారాజా రంజిత్‌సింగ్ చేయించారు. నీళ్ళలో దాని నీడ చూస్తుంటే కాళ్ళు కదల్లేదు.

దర్శనం అయ్యాక లంగర్‌కి వెళ్ళాం. రాత్రింబవళ్ళు ఉచితంగా అన్నం పెట్టే చోటు. రోజూ వేలాది మంది తింటారు. లంగర్ గురునానక్ కాలం నుంచీ వస్తున్న పద్ధతి. కులం, మతం, గొప్పా బీదా లేకుండా అందరూ నేల మీద వరసగా కూర్చోవాలి. ఆ వరసని ‘పంగత్’ అంటారు. మన పంక్తే, మన బంతే! పలనాటి బ్రహ్మనాయుడి చాపకూడు గుర్తొచ్చింది.

గళ్ళ కంచాల్లో పప్పు, కూర, పాయసం వడ్డించారు. రొట్టె మాత్రం రెండు చేతులూ చాచి ప్రసాదంలా తీసుకోవాలి. అలవాటు కొద్దీ నాకిచ్చిన రొట్టె ఆయన కంచంలో వెయ్యబోయాను. వడ్డించే పెద్దాయన ఆగి, “మీరు తినండి బెహన్‌జీ, ఆయనకి పెట్టడానికి మేమున్నాంగా” అన్నాడు హిందీలో.

నాకెందుకో కళ్ళు చెమర్చాయి. వేడి వేడి రొట్టె, ఎవరికేం కావాలో చూసుకునే పని లేకుండా తిన్నాను.

బయటికొస్తుంటే ఆడా మగా కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నారు. మేమూ కూర్చున్నాం. నాలుగు గడ్డలయ్యేసరికి మావారికి బొటనవేలి గోరు మండింది. “రోజూ ఇది నువ్వే చేస్తావా?” అన్నారు.

“మరెవరు చేస్తారండీ?” అన్నాను. ఆయనేం మాట్లాడలేదు. ఇంకో గడ్డ తీసుకున్నారు.

మీరూ వెళ్ళాలనుకుంటే, అక్టోబరు, నవంబరు, ఫిబ్రవరి, మార్చి నెలలు హాయిగా ఉంటాయి. డిసెంబరు, జనవరిల్లో చలి ఎక్కువ. గుడిలో ఆడా మగా తల కప్పుకోవాలి. మనకి చీరకొంగు చాలు, మగవాళ్ళకి పెద్ద రుమాలు పెట్టుకెళ్ళండి. లంగర్‌లో ఎంత తినగలరో అంతే పెట్టించుకోండి, పారెయ్యకూడదు. వీలైతే తిన్నాక ఓ గంట సేవ చెయ్యండి.

ఇంటికొచ్చాక మావారు పూర్తిగా మారిపోయారని అబద్ధం చెప్పను. కానీ ఆదివారం రాత్రి మాత్రం గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని ఇద్దరం ఒకేసారి కూర్చుంటున్నాం. ఆ పూట వడ్డన ఆయనది. చారు కాస్త ఒలకబోస్తారు. పోనివ్వండి, తుడుచుకోవచ్చు!