భవానీ లంకలో వరద గుర్తులు

విజయవాడ పున్నమి ఘాట్‌లో పడవ ఎక్కితే భవానీ ద్వీపం చేరడానికి ఎంతోసేపు పట్టదు. ప్రకాశం బ్యారేజీకి కాస్త ఎగువన, కృష్ణ మధ్యలో దాదాపు 130 ఎకరాల లంక అది. 2024 సెప్టెంబరు వరద తగ్గాక, చలికాలంలో ఒక ఉదయం వెళ్లాను. 1957లో పూర్తయిన బ్యారేజీ నీళ్లను నిలిపి ఉంచుతుంది కాబట్టి ఇక్కడ నది పెద్ద చెరువులా ఉంటుంది. వెనక్కి తిరిగితే ఇంద్రకీలాద్రి, ఒడ్డు వారన గుర్రపుడెక్క, ఎండుకొమ్మ మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకి.

ఇంత నెమ్మదైన నీళ్లే ఆ సెప్టెంబరులో లంకను ముంచేశాయంటే నమ్మబుద్ధి కాదు. బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం అది. తాళ్లు తెంచుకున్న పడవలు కొట్టుకుపోయి గేట్ల దగ్గర గుద్దుకున్నాయి.

లంక మీద దాని గుర్తులు వెతుక్కోనక్కర్లేదు. ఒక చెట్టు దగ్గర ఆగాను. నా తలకన్నా ఎత్తులో, కొమ్మల పంగలో ఎండిన రెల్లు, చిరిగిన గోనెసంచి, ప్లాస్టిక్ కవర్లు పేనుకుపోయి ఉన్నాయి. కాండానికి పట్టిన బురద ఎండి, గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. పైకొమ్మకు మాత్రం లేత చిగురు. రెల్లును నది తెచ్చిందనుకుందాం. ఆ కవర్లు మాత్రం ఎగువ ఊళ్లలో మనం పారేసినవే. వాటిని చూస్తే నాకు నిజంగా బాధేసింది.

కాలిబాట కొన్నిచోట్ల కుంగిపోయింది. వరద దారిలో ఉన్న లంక మీద గదులు, ఆటవస్తువులు పెంచుకుంటూ పోతే ప్రతిసారీ బాగుచేతలకే డబ్బు పోతుంది. ఇక్కడికి జనం వచ్చేది నీడ కోసం, గాలి కోసం. ఆ రెండూ చెట్లే ఇస్తాయి.

ఒకచోట తోటపనివాళ్లు మొక్కలు నాటుతున్నారు. గుంత అంచు చూస్తే పైన జానెడు నల్లటి ఒండ్రు, కింద తెల్లటి ఇసుక. ఏం మొక్కలని అడిగాను.

"కానుగండీ. నాలుగు రోజులు నీళ్లలో ఉన్నా తట్టుకుంటది. ఒండ్రు పడింది కదా, ఈసారి బాగా లేస్తాయండి" అన్నాడు పెద్దాయన, పార పక్కన పెట్టి మొక్క అందుకుంటూ.