పాట ఎప్పుడు మొదలవుతుంది?

మా ఇంట్లో ఇళయరాజా పిచ్చి నాన్నది. సాగర సంగమం, స్వాతిముత్యం, గీతాంజలి క్యాసెట్లు అరిగిపోయేదాకా విన్న మనిషి. ఆ పిచ్చే నాకూ అంటుకుంది. "నేను రాజా ఫ్యాన్‌ని" అని హాస్టల్లో కాలరెగరేసి తిరిగేవాణ్ణి.

సెకండియర్‌లో ఒక సీనియర్ "హౌ టు నేమ్ ఇట్ విన్నావా?" అని అడిగితే మాత్రం నోరు పెగల్లేదు. 1986లో వచ్చిన ఆల్బమ్ అది. సినిమా కాదు, మాటల్లేవు, అంతా వాద్యాలే. త్యాగరాజుకీ, జర్మనీ స్వరకర్త బాఖ్‌కీ అంకితం. ఆ రాత్రే ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. గొంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. రాలేదు. మూడో ట్రాక్ దాటకుండానే ఆపేశాను. మర్నాడు మాత్రం "సూపర్ అన్నా" అని అబద్ధం చెప్పాను.

మళ్ళీ దాని దగ్గరికి పంపింది ఎం-2 సప్లీ. సినిమా పాటలు పెట్టుకుని లెక్కలు చేస్తుంటే మనసు మాటల వెంట పోయేది. ఇందులో మాటల్లేవు కదా, ఏ బెడదా ఉండదనుకున్నాను. రోజూ రాత్రి అదే.

ఒక రాత్రి లెక్క మధ్యలో పెన్ను ఆగిపోయింది. 'మ్యాడ్ మోడ్ మూడ్ ఫ్యూగ్' నడుస్తోంది. ఫ్యూగ్‌లో ఒక వాద్యం చిన్న వరస ఎత్తుకుంటే, కాసేపటికి ఇంకోటి అదే వరసని వేరే శ్రుతిలో అందుకుంటుంది. మొదటిది ఆగదు, తన దారిన తను నడుస్తూనే రెండోదానికి తోడుంటుంది. ఇదంతా తర్వాత చదివి తెలుసుకున్నది. ఆ రాత్రి తెలిసింది ఒక్కటే: నేను మొదటిసారి రెండింటినీ ఒకేసారి వింటున్నాను.

బాఖ్ 1750లో పోయారు. త్యాగరాజు పుట్టిందే 1767లో. ఒకరినొకరు ఎరగని ఆ ఇద్దరినీ ఈయన ఒకే ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడించారని అప్పుడర్థమైంది.

సప్లీ అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. తర్వాత గీతాంజలి మళ్ళీ పెట్టాను. పల్లవికీ చరణానికీ మధ్య వయోలిన్లు, గొంతు కింద నడిచే బేస్... ఇవి ఎప్పుడూ అక్కడే ఉన్నాయా? ఇన్నేళ్ళూ నేను ప్రేమించింది వేటూరి మాటల్ని, బాలు గొంతుని. వాటి వెనకున్న మనిషిని అసలు వినలేదు. ఫ్యాన్‌నని తిరిగినందుకు కాస్త సిగ్గేసింది కూడా.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళి నాన్నకి వినిపించాను. కాసేపు విని అడిగారు: "పాట ఎప్పుడు మొదలవుతుందిరా?"

"నేనూ అదే అడిగా నాన్నా" అన్నాను.

రెండో ట్రాక్‌కే నిద్రపోయారు. ఫర్లేదు. మూడోది దాటడానికి నాకూ నెలలు పట్టింది.