పీతలా నడిచిన జీపు

తెల్లారి నాలుగింటికే ఆ జీపు హారన్ మోగుతుంది. సంతరోజైతే ఇంకా ముందే. లోపల మనుషులు, పైన పసుపు బస్తాలు, చీపురుకట్టలు, అడ్డాకుల మోపులు. కొండమీది ఊళ్ల నుంచి పాడేరుకు మట్టిదారి, మధ్యలో గెడ్డలు, ఆ తర్వాత కాస్త తారురోడ్డు. పాతికేళ్లుగా అదే దారి, అదే స్టీరింగు. ఏ మలుపులో ఎన్నో గేరు వేయాలో ఆయనకి కళ్లు మూసుకున్నా తెలుసు.

అలాంటి మనిషిని ఓ వానాకాలం జీపు తికమక పెట్టేసింది. తారురోడ్డు ఎక్కి స్టీరింగు కాస్త వదిలితే చాలు... ఎడమకి లాగేస్తోంది! మొదట రోడ్డు వాలు అనుకున్నాడు. నిజమే, వాననీరు పోవడానికి రోడ్డుని అంచుకి కాస్త వాలుగానే వేస్తారు. టైర్లలో గాలి చూశాడు. సమానంగానే ఉంది. నెల తిరిగేసరికి ముందు టైర్లు రంపంపళ్లలా అరిగాయి. చేత్తో ఒకవైపు నిమిరితే నున్నగా, రెండోవైపు నిమిరితే గరుగ్గా తగులుతున్నాయి.

కొత్త టైర్లు కొన్నాడు. కూతురి కాలేజీ ఫీజుకని దాచిన డబ్బులవి. విశాఖ వెళ్లి కంప్యూటర్ అలైన్‌మెంట్ చేయించాడు. ముందు చక్రాల మధ్య ముందువైపు దూరం వెనకవైపు దూరం కంటే కొన్ని మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. దాన్నే టో-ఇన్ అంటారు. అది సరిచేసి పంపారు. రెండు వారాలు బాగానే ఉంది. మళ్లీ అదే కథ. మళ్లీ వెళ్లాడు. మళ్లీ అంతే.

''జీపుకి పెట్టే డబ్బులతో పిల్ల చదువు అయిపోను'' అంది భార్య. ఆయన మాట్లాడలేదు. 'ముసలిదైపోయింది, అలాగే నడుపుకోవాలి' అని సర్దుకున్నాడు.

ఓ రాత్రి తలుపు తట్టారు. నిండు గర్భిణి, నొప్పులు మొదలయ్యాయి. వాన. కాదనడానికి నోరు ఎలా వస్తుంది? బయల్దేరాడు. దిగుడులో, ఎడమపక్క లోయ ఉన్న మలుపులో బ్రేకు తొక్కగానే జీపు అంచుకి జారింది. బలమంతా పెట్టి స్టీరింగు కుడికి తిప్పితే గాని ఆగలేదు. దిగి టార్చి వేసి చూస్తే... చక్రానికీ లోయకీ మధ్య జానెడు నేల! వెనక కూర్చున్న ముసలమ్మ ''నెమ్మదిగా పోదాం బాబూ'' అంది. అంతే. మిగతా దారంతా మొదటి గేరులోనే. ఆస్పత్రికి చేరారు. తల్లీబిడ్డా క్షేమం. ఆయన చేతుల వణుకు మాత్రం తెల్లారినా తగ్గలేదు.

మర్నాడు సంత. అయినా జీపు తీయలేదు. నేరుగా పాడేరు బజార్లోని ముసలి మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన రోడ్డుమీద జీపుని ముందు నడవమని వెనక నిలబడి చూశాడు. ''ఏటిరా, నీ జీపు పీతలాగ నడుస్తంది!'' అన్నాడు.

తర్వాత జాకీ ఎత్తి చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపాడు. టక్ టక్‌మంది. టై రాడ్ చివరి కీళ్లు వదులయ్యాయి. టేపు తీసి ముందు చక్రం నడుమ నుంచి వెనక చక్రం నడుమ వరకు రెండువైపులా కొలిచాడు. ఎడమవైపు దాదాపు అంగుళం తక్కువ! కమాను కట్ట మధ్యలో ఉండే సెంటర్ బోల్టు తెగిపోయి, ఎడమపక్క ఇరుసు వెనక్కి జారింది. ఎప్పుడో గెడ్డలో రాయికి గుద్దుకున్న ఫలితం.

''చక్రాలు తిన్నగానే ఉన్నాయిరా. ఇరుసే జారిపోనాది.''

కంప్యూటర్ అబద్ధం చెప్పలేదు. ఆరోజుకి లెక్క సరిగ్గానే చూపింది. కానీ కీళ్లు వదులుగా ఉంటే సరిచేసిన లెక్క మొదటి గుంతలోనే పోతుంది. పైగా ఇలాంటి పాత జీపుల్లో ముందు ఇరుసు ఒకటే దుంగలాంటిది. మామూలుగా సరిచేయడానికి వీలుండేది టో ఒక్కటే. ఇరుసే పక్కకి జారితే ఆ సర్దుబాటు ఏం చేస్తుంది? ముందు వదులు బిగించాలి, ఇరుసుని దాని చోట కూర్చోబెట్టాలి, ఆ తర్వాతే అలైన్‌మెంట్.

కొత్త బోల్టు, కొత్త కీళ్లు పడ్డాయి. రెండు జతల టైర్ల ఖర్చు ముందు అదెంత! ''నాలుగు రోజులు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించు'' అన్నాడు మేస్త్రీ. కొత్తగా బిగించినవి కుదురుకునేటప్పుడు వదులవుతాయి మరి.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆయన పానా పట్టుకుని జీపు కిందికి దూరతాడు. తర్వాత టేపుతో రెండువైపులా కొలుస్తాడు. టేపు రెండో చివర పట్టుకునేది కూతురే. రెండు అంకెలూ ఒకటేనని ఆ పిల్ల గట్టిగా చెప్పాకే, మర్నాటి ప్రయాణానికి తాళం చేతిలోకి తీసుకుంటాడు.