ఇరువురకే చోటుగల రథము

మా యింట నున్నవారము అయిదుగురము: మావారు, మేము, మా అత్తగారు, ఏడవ తరగతి చదువుచున్న అమ్మాయి, నాలుగవ తరగతి చదువుచున్న అబ్బాయి. ఇట్టి కుటుంబమువారు కారు కొనినచో అయిదుగురు కూర్చుండదగినదానిని కొనుట లోకాచారము. మేము కొనినదానిలో ఇరువురకే చోటు. పైగా దానికి గట్టి కప్పు లేదు. వలసినపుడు వేసికొని, వలదన్నపుడు వెనుకకు మడిచివేయదగిన గుడ్డకప్పు మాత్రము కలదు. శ్రీకాకుళములో మా వీథివారు మొదట నవ్విరి. కొందఱు సోదరీమణులు "చదువుకొన్నదానవు, నీకీ వెఱ్ఱి యేలనమ్మా?" అని ముఖముననే యడిగిరి. వారికిని, వారివలె తలంచు పాఠకురాండ్రకును సమాధానముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పిల్లలకు పద్యములు చెప్పి మేము సంపాదించి, ఎనిమిదేండ్లుగా తపాలాకచ్చేరిలో దాచిన సొమ్ము కొంత కలదు. దానితో మురుగుల జత చేయించుకొనవలెనని మొదటి సంకల్పము. కాని పెండ్లియైనది మొదలు మేమెక్కిన ప్రతి బండిలోను మా యొడిలో సంచియో, బిడ్డయో, పండ్లబుట్టయో ఉండెను. ఇన్ని ప్రయాణములు చేసియు త్రోవ చూచిన జ్ఞాపకము మాకు లేదు. ఒకనాడు మావారు ఆ బండి బొమ్మను చూపి, "విశాఖపట్టణమున ఒకరు అమ్మజూపుచున్నారు. వింతగా లేదా?" అని పరిహాసమున కనిరి. మేము నవ్వలేదు. మఱునాడు మురుగుల మాట విరమించుకొంటిమి.

బండి పేరు శాన్ స్టార్మ్. "ఏటేట తుపానులతో వేగువారము, బండికిని తుపాననియే పేరా?" అని అత్తగారి మొదటి ఆక్షేపణ. "ఇంట నయిదుగురుండగా రెండు కుర్చీలేమిటే అమ్మాయీ?" అనునది రెండవది. రెండవదానికి మాకప్పుడు సమాధానము తోచలేదు.

ఇది గోవాలో తయారై 1990ల చివరను మన దేశమున అమ్మకమునకు వచ్చినది. ఇప్పుడు తయారగుట లేదు. పాతవే చేతులు మారుచుండును. ఇంజను రెనో కంపెనీవారిది, 1149 ఘనసెంటీమీటర్లది, 60 అశ్వముల బలముగలది. అంత కొంచెపు బలము చాలునా యందురేమో. బండి తేలికయైనచో చాలును. పై తొడుగు ఫైబర్‌గ్లాసుది గనుక దానికి తుప్పు పట్టదు. క్రింది యినుప భాగములకు మాత్రము మన సముద్రపు ఉప్పుగాలి పగయే. కావున మాసమున కొకమాఱు అడుగుభాగమును మంచినీటితో కడిగింతుము.

తేలికయైన, ఇరువురకే చోటుగల, కప్పు తెరచుకొను ఇట్టి బండ్లు మొదట ఇంగ్లండులో ప్రసిద్ధి కెక్కెను. పిమ్మట అవి అరుదగుచుండగా, 1989లో జపానుదేశపు మజ్దా కంపెనీవారు అమెరికాలోని చికాగో ప్రదర్శనలో వేయి కిలోల లోపు తూగు నట్టి బండి నొకదానిని చూపిరి. 2016 నాటికి అవి పదిలక్షలు తయారయ్యెను. గుఱ్ఱమును రౌతును ఒక్కటియే యగుట ఆ బండికి ఆదర్శమని వారు చెప్పుదురు. ఈ మాట చదివినపుడు మాకు బాహుకుడు జ్ఞప్తికి వచ్చెను. అశ్వహృదయ మెఱిగిన నలుడు మాఱురూపమున ఋతుపర్ణుని రథము తోలుచుండగా, ఆ రాజు ఉత్తరీయము జాఱిపడెను. నిలుపుమని రాజు పలుకునంతలోనే అది యోజనము వెనుకబడెనని అరణ్యపర్వ కథ.

ఉత్తరీయమన్న మఱియొక మాట. అమెరికాదేశపు నర్తకి ఇసడోరా డంకన్ 1927లో ఫ్రాన్సుదేశపు నీస్ నగరమున, కప్పులేని కారులో పోవుచు, మెడనున్న పొడుగు శాలువ చక్రమున చిక్కుకొని ప్రాణములు కోలుపోయెను. చీర కట్టు మనము మఱవరాని కథ యిది. మేము కొంగును నడుమున దోపి, దానిపై బెల్టు బిగించిన పిమ్మటగాని తాళపుచెవి త్రిప్పము.

కొనునపుడు మావారి లెక్కలబుద్ధి మిక్కిలి యుపకరించెను. పరీక్షపత్రములు దిద్దునట్లు బండిమీది ఛాసిస్ అంకెలను రిజిస్ట్రేషను పత్రముతో ఒక్కొక్కటిగా సరిచూచిరి. బండి కర్ణాటకములో నమోదైనది. అచ్చటి రవాణా కార్యాలయమునుండి నిరభ్యంతర పత్రము తెప్పించి, ఇచ్చట జీవితకాలపు పన్ను కట్టి, క్రొత్త సంఖ్య పొందవలసివచ్చెను. సొంతకారు నమోదు 15 ఏండ్లవరకే చెల్లును. అటుపై పరీక్ష చేయించి అయిదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. పాతబండి కొను సోదరీమణులు సొమ్ము చేతికిచ్చుటకు ముందే యివి చూచుకొనుట మంచిది. కప్పు కుట్లు విడినవేమో, కాళ్లక్రింది చాపల యడుగున తడియున్నదేమో చేతితో తడవి చూడుడు.

తోలుట మేమే నేర్చుకొంటిమి. మొదటి లైసెన్సు ఆరు నెలలు చెల్లును. అది పుచ్చుకొనిన 30 దినముల తరువాతగాని పరీక్షకు పోరాదు. మొదటి మాఱు తప్పితిమి, రెండవమాఱు నెగ్గితిమి. నెగ్గిననాడే అరసవల్లికి పోయి వాహనపూజ చేయించితిమి. ఏడు గుఱ్ఱముల తేరుగల స్వామి యెదుట నిలుచున్నపుడు తోచిన దేమనగా, ఆ తేరిలోను ఇరువురే కదా! కూర్చుండువాడు సూర్యుడు, తోలువాడు అనూరుడు. ఈ సంగతి అత్తగారికి చెప్పగా వారు నవ్వాపుకొని, "అట్లయిన ఈ ఆదివారము నన్ను కళింగపట్టణము తీసికొనిపొమ్ము" అనిరి.

తెల్లవాఱక మునుపే బయలుదేరితిమి. కప్పులేని బండికి మన యెండలలో ప్రాతఃకాలమే తగిన వేళ. శ్రీకూర్మము దాటి గార త్రోవ పట్టునప్పటికి తూర్పు తెల్లబడెను. తాటిచెట్లు మొదటినుండి మట్టలవఱకు కనబడుచుండెను. కారులోనుండి తాటిచెట్టు తల చూచుట మాకదియే ప్రథమము. తడిసిన వరిమళ్ల వాసన, పొగాకు చుట్టల వాసన, దూరపు సముద్రపు గాలి వరుసగా వచ్చి తాకెను. బండి మిక్కిలి నేలబారు గనుక, ఎదురు వచ్చిన ఎడ్లు మా కన్నులలోనికి సూటిగా చూచుచు పోయెను. ఒక టీకొట్టు ముంగిట నొక ముసలమ్మ, "ఏటమ్మా, బండి మీదిది గాలికెగిరిపోనాదేటి?" అని జాలిపడెను.

ఇంతలో చినుకులు మొదలాయెను. కప్పు వేయుట ముందుగా అభ్యసింపని తప్పు మాదే. బండి నాపి, కొక్కెములతో పెనగులాడి, అది కుదురునప్పటికి ఇరువురమును తడిసిపోతిమి. మందలింపు తప్పదనుకొంటిమి. అత్తగారు పకపక నవ్వుచుండిరి. ఆ నవ్వు మేమెన్నడు విని యెఱుగము. ఆ చిన్న కప్పుక్రింద వాన వెలియువఱకు కూర్చుండియుండగా వారు తమ బాల్యమును చెప్పిరి. పండ్రెండవ యేట అన్నగారి సైకిలును దొంగతనముగా కళ్లములోనికి నడిపించుకొనిపోయి, పడుచు లేచుచు ఒక్క సాయంకాలములో నేర్చుకొనిరట. తండ్రిగారికి తెలిసి సైకిలునకు గొలుసు వేయించిరట. "ఆ గాలి మరల ఇన్నాళ్లకు తగిలినదే అమ్మాయీ" అనిరి. పదునాలుగేండ్లు ఒక్క పొయ్యిదగ్గఱ మెలగియు ఈ కథ మే మెఱుగము. ఇంట నలుగురు వినుచుండగా చెప్పదగిన కథ కాదది. వంశధార సాగరమున కలియుచోటను, దీపస్తంభమును చూచి మధ్యాహ్నమునకు ఇల్లు చేరితిమి.

తరువాతి వారము అమ్మాయి వంతు. సగము దూరము పోయిన పిమ్మట, లెక్కలనగా తనకు భయమనియు, తండ్రియే లెక్కల మాస్టరగుటచే ఎవ్వరికిని చెప్పుకొనలేక పోతిననియు, ముందునకే చూచుచు మెల్లగా చెప్పెను. ముఖములు చూచుకొననక్కఱలేని కూర్చుండుట కూడ ఒక మేలే. ఆమె యనుమతితో మావారికి చెప్పితిమి. ఇప్పుడు తండ్రి రాత్రులు పుస్తకము మూసి, కందులు లెక్కబెట్టించుచు భిన్నములు నేర్పుచున్నారు.

అత్తగారి రెండవ ఆక్షేపణకు మాకిపుడు సమాధానము దొరకినది. అర్జునుని రథమున కృష్ణుడు తప్ప వేఱొకరు లేరు. ధర్మరాజును భీముడును కూడ అందే కూర్చుండియున్నచో, ఆ వీరుడు తన దుఃఖమును నోరు విప్పి చెప్పియుండునా? నలుగురున్నచోట మనము కుటుంబముగా నుందుము. ఇరువురమే యున్నచోట ఒకరికొకరము దొరకుదుము. నిండుటింటిలో ఆలుమగలకే తీరుబడిగా మాటలాడుకొను వేళ చిక్కదు. ఇక అత్తాకోడండ్ర సంగతి చెప్పనేల?

అందఱును ఇట్టి బండి కొనవలెనని మా మాట కాదు. పెద్ద కుటుంబమున కది యొక్కటియే చాలదు; మాకు వానకు, సంతకు, ఊరిప్రయాణములకు బస్సే దిక్కు. చెఱువుగట్టో, డాబామీది చాపయో, ఏదైన నొక ఇరువురి చోటును ఇంటిలోని ఒక్కొక్కరితో వారమున కొక గడియ పంచుకొనుడు. మాకు మాత్రము ఈ యెఱ్ఱబండి దొరకినది. వంటయింటి క్యాలెండరుమీద ఆదివారముల ప్రక్కన వంతులవారి పేర్లు వ్రాసియున్నవి. వచ్చు ఆదివారము మావారిది. ఎచ్చటికి పోవలెనో యింకను తేలలేదు.